తిత్తి గది

చర్చి ఆర్గన్‌ని శ్రుతి చేయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మా ఆయన లోపల గొట్టాల మధ్య దూరి సరిచేస్తుంటే, నేను బయట కూర్చుని స్వరాల మెట్లు నొక్కాలి. ఆయన "ఊఁ" అంటే తర్వాతది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే కాపురం. నాకు విసుగొచ్చింది, ఆయనకి ఉబ్బసం వచ్చింది. ఇంకా ఆ దుమ్ము పీలిస్తే మనిషి దక్కడని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. వింటేగా!

ఆ వానాకాలం మధ్యాహ్నం చర్చిలో మేమిద్దరం, కాపలా ముసలాయన. తడి గోడల వాసన, కరిగిన మైనం వాసన. ముసలాయనకి నోరు ఊరుకోదు. ఆ ఆర్గన్ ఓడలో ముక్కలుగా వచ్చిందట. కరెంటు లేని రోజుల్లో వెనక గదిలో ఒక మనిషి తోలుతిత్తి తొక్కితేనే గొట్టాలకి గాలి అందేదట. ఒకసారి ప్రార్థన మధ్యలో అతను తిత్తి మీదే ప్రాణం వదిలాడట. పాట మాత్రం చివరిదాకా ఆగలేదట. ఆ తర్వాతే మోటారు పెట్టించారట.

"బాగుంది సంబడం! ఇప్పుడే చెప్పాలా?" అన్నాను.

అంతలో కరెంటు పోయింది. మోటారు మూలిగి ఆగింది. నా వేలు మెట్టు మీదే ఉంది.

స్వరం ఆగలేదు.

"ఏమండీ..." అన్నాను మెల్లగా.

"నొక్కే ఉంచు," అన్నారు లోపల్నుంచి. "గాలి వస్తోంది."

"ఎక్కణ్ణుంచి? బయటికి రండి, మీకు పుణ్యముంటుంది."

వెనక గదిలో కిర్రు... హుస్సు... కిర్రు... హుస్సు.

ముసలాయన ఓ అడుగు వెనక్కి వేశాడు. "ఆ గదిలో ఏమీ లేదమ్మా. తిత్తి ఎప్పుడో పీకేశారు."

వేలు తీసేశాను. అయినా స్వరం ఆగలేదు. లోపల ఆయన పిల్లికూతలు వినిపిస్తున్నాయి. కిర్రుకి ఒకటి... హుస్సుకి ఒకటి. కాసేపటికి అవి ఆగిపోయాయి. ఆ తర్వాత స్వరం కూడా.

పక్క తలుపు లాగి, చీకట్లో ఏడుస్తూ తడిమాను. చేయి దొరికింది. చల్లగా ఉంది.

"ఏంటే ఆ ఏడుపు?" అంటూ ఆయన దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చారు. "నాకు హాయిగా ఉంది."

నిజమే. ఆ రోజుతో ఉబ్బసం పోయింది. రాత్రంతా వీపు రాస్తూ కూర్చునే పని తప్పింది. ఎన్నేళ్లకి కంటినిండా నిద్రపోయానో! కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాను.

మొన్న పొద్దున్నే, గడ్డకట్టే చలిలో, బస్సు కోసం నిలబడ్డాం. మాట్లాడితే నా నోట్లోంచి ఆవిరి. పక్కన పేపరతని నోట్లోంచీ ఆవిరే. మా ఆయన గలగలా మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన నోటి ముందు ఏమీ లేదు.

రాత్రి ఆయన నిద్రపోయాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూద్దామనుకుంటాను. చేయి సగం దాకా వెళ్తుంది... చూశాక నేనేం చేయాలి? ఇంక నా వల్ల కాదు. అటు తిరిగి పడుకుంటాను.