బియ్యప్పిండి వలయం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! యీషున్ టౌను మీద ఆకాశం కాటుకలా నల్లబడింది. ఉరుము ఉరిమినప్పుడల్లా పదకొండో అంతస్తు కిటికీ అద్దాలు గజగజ వణుకుతున్నాయి. ఆ ఫ్లాట్ హాల్లో తెల్లని వలయం, దాని నడుమ ఒక కపాలం, నల్ల కొవ్వొత్తి... వలయం లోపలే, వాటి వెనక పద్మాసనంలో శశికాంత్!

ఆఫీసులో వాడు, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా సరిచేసే వైటూకే ప్రోగ్రామర్. ఇంటికొస్తే ‘విక్కా’ అనే పడమటి దేశాల మంత్రవిద్యకు గురువు. శిష్యురాలు కీర్తికకు ఏడాదిపాటు మూలికలూ, పున్నమి పూజలూ నేర్పాడు. ఎవరికీ కీడు చేయకు, చేస్తే మూడింతలై నీకే తిరిగొస్తుందన్నది మొదటి పాఠం. ఆమెకది చాలలేదు, పై మెట్టు కావాలంది. అదిగో, అక్కడే కొంప మునిగింది! తన రూమ్మేట్ అఫ్షీన్ జ్వరం తగ్గిస్తానని వాడంటే నమ్మి, ఆ పిల్ల తలవెంట్రుకలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది వెర్రితల్లి.

ఇప్పుడు అఫ్షీన్ వలయం బయట గోడవారన కూలబడి ఉంది... కనుగుడ్లు తెల్లగా తేలిపోయాయి. ఆమె నోట ఎవరిదో ముసలి మగగొంతు గురగురలాడుతోంది.

“లోపలికి రా,” అన్నాడు శశికాంత్ కీర్తికతో. “దీని ప్రాణం ఒంట్లో దూరిన ఆ ఆత్మ తీసుకుంటుంది, దాని శక్తి మనకిస్తుంది. గీత చెదరనంతవరకూ మన జోలికి రాలేదు.”

“ఎవరికీ కీడు చెయ్యొద్దన్నారు కదండీ?”

“అది ఎల్‌కేజీ పాఠం.”

ఆ గీత గీసింది కీర్తికే. ఉప్పుతో గీయాలి. డబ్బాలో ఉప్పు లేకపోతే, ముగ్గేసే చెయ్యి కదా, బియ్యప్పిండితో కానిచ్చెయ్యమన్నాడు. తెల్లగా ఉంటే చాలనుకున్నాడు మహానుభావుడు!

కీర్తిక లోపలికి వెళ్లలేదు. అఫ్షీన్‌ను గట్టిగా కావలించుకుంది. ఆ ఒళ్లు మంచుముద్దలా ఉంది. వెంట్రుకలు తెచ్చిచ్చింది తనే కనుక తననే తీసుకెళ్లమని ఆ గొంతును బతిమాలింది.

శశికాంత్ వికటాట్టహాసం చేసి ఆఖరి మంత్రం ఎత్తుకున్నాడు... వాన రాబోతోందేమో, గోడ పగుల్లోంచి చీమలు బయల్దేరాయి. పిండి వాసన పట్టాయి. ఏ వాకిటి ముగ్గునైనా మోసుకెళ్లినట్టే, ఒక్కో రవ్వా నోట కరుచుకుని బారు కట్టాయి. జానెడు గీత మాయమైంది! వాడి కళ్లు మాత్రం కపాలం మీదే ఉన్నాయి.

అఫ్షీన్ తల మెల్లగా తిరిగింది. ఆ తెల్లని చూపు గీత తెగినచోట చీమల మీద వాలింది.

“దారి తెరిచావా, నాయనా...” అంది ముసలిగొంతు.

పిడుగు! కొవ్వొత్తి ఆరిపోయింది. చీకట్లో ఒకే ఒక్క ఆర్తనాదం...

వెలుతురు వచ్చేసరికి వలయంలో శశికాంత్ చొక్కా ఉంది. కపాలాలు రెండున్నాయి.

“జర పానీ దే, కీర్తీ... గొంతెండిపోతోంది,” అంది అఫ్షీన్, తన గొంతుతోనే.

కీర్తిక ఏడుస్తూనే లేచింది. చీమల బారును తొక్కకుండా దాటి, నీళ్లకోసం వంటింట్లోకి వెళ్లింది.