మునిగిన బెండు

శవం తెల్లవారుజామున దొరికింది. హార్బర్ ముఖద్వారం దగ్గర, రాళ్ల మధ్య, బోర్లా. తల వెనక దెబ్బ.

పక్కనే ఒక పాత చేపల బోటు రాళ్లెక్కి ఒరిగిపోయి ఉంది. ట్యాంకులో చుక్క డీజిలు లేదు. పోయినవాడు ఆ బోటు డ్రైవరు.

మధ్యాహ్నానికల్లా దోషి కూడా దొరికాడు. దోషి అంత సులువుగా దొరికితే ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మంట. డిపార్ట్‌మెంట్‌లో ఆమెని మొండిఘటం అంటారు. అన్నవాళ్లు మెచ్చుకుని అనలేదు. ఆమె మాత్రం మెచ్చుకోలుగానే తీసుకుంది.

దోషిగా నిలబెట్టింది మెకానిక్‌ని. డ్రైవరు భార్యకి స్వయానా అన్న. బోటు యజమాని షావుకారు సంతకం పెట్టి ఇచ్చిన స్టేట్‌మెంట్ ఇలా ఉంది: ఫ్యూయల్ గేజి పాడైతే ఈ మెకానిక్ బాగుచేశానన్నాడు. డ్రైవరు ఒంటరిగా ఐస్ ఎక్కించుకునే జెట్టీకి బయల్దేరినప్పుడు గేజి ముల్లు సగం మీద ఉంది, కళ్లారా చూశాను. నిజానికి ట్యాంకు ఖాళీ. ఇంజన్ ఆగింది, బోటు రాళ్లకి కొట్టుకుంది, డ్రైవరు పడి చచ్చాడు.

సాక్ష్యం టేబుల్ మీదే ఉంది. ట్యాంకులోంచి విప్పి తెచ్చిన సెండర్. ఒక సన్నటి కమ్మీ, దాని చివర తేలే బెండు. డీజిలుతో పాటు బెండు లేస్తుంది, దిగుతుంది. అది ఎక్కడుంటే గేజి ముల్లు అక్కడ. కొత్తది వేశానని మెకానిక్ అన్నాడు. టేబుల్ మీద ఉన్నది మాత్రం పాతదే, పెచ్చులూడిన బెండుతో.

పై అధికారి ఫోన్ చేసి, మెకానిక్‌తో తప్పు ఒప్పిస్తూ సంతకం పెట్టించి, సాయంత్రానికి ఫైలు మూసెయ్యమన్నాడు. ఆమె కాగితం మెకానిక్ ముందు పెట్టింది.

"పెట్టను," అన్నాడతను. "చెయ్యి నరికినా పెట్టను. చెల్లెలి పసుపు కుంకుమలు నా చేత్తో తుడిచానని నేనే రాసివ్వాలా?"

"కొత్తది వేస్తే పాతది ఏమైంది?"

"షావుకారుగారి చేతికే ఇచ్చాను. విప్పిన సామాను ఓనరుకి అప్పజెప్పడం మా పద్ధతి. లేకపోతే మార్చకుండానే మార్చామన్నామంటారు. ఆయన వంగిన మేకు కూడా పారెయ్యడు, మేడమ్."

"పాతదాన్ని ఎందుకు మార్చాల్సొచ్చింది?"

"గేజి తప్పు చూపిస్తోందని బావే చెప్పాడు."

చెల్లెలు స్టేషన్ వరండాలో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. అన్న మొహం చూడనని వచ్చినప్పుడే చెప్పేసింది.

ఇన్‌స్పెక్టర్ బెండుని చేత్తో ఎత్తి చూసింది. తేలేదానికి అంత బరువెందుకు? జీపు తియ్యమంది. ఒక కానిస్టేబుల్‌కి కోర్టు నుంచి తెప్పించిన సెర్చ్ వారెంట్ ఇచ్చి షావుకారు గోడౌన్‌కి పంపింది.

సాయంత్రం, జెట్టీకి లాగించిన బోటు మీదికి మెకానిక్‌ని, అతని చెల్లెల్ని, షావుకారుని పిలిపించింది. షావుకారు తెల్లచొక్కాకి మరక అంటకుండా ఒక మూల నిలబడ్డాడు. ఆమె స్టీరింగ్ గదిలో గేజికి సెండర్ వైర్లు తగిలించి, దాన్ని డీజిలు నిండిన బకెట్‌లో వదిలింది.

బెండు నేరుగా అడుక్కి పోయింది. ముల్లు ఖాళీ గీత మీద వాలింది.

"నిండు బకెట్, షావుకారుగారూ. గేజి ఖాళీ అంటోంది."

"చూశారా, పాడైందని నేను చెప్పలేదా?"

"పాడైంది. ఏ వైపుకి? బెండు ఏళ్ల తరబడి డీజిలు తాగి మునిగిపోయింది. మునిగిన బెండు నిండు ట్యాంకుని ఖాళీ అంటుంది. ఖాళీ ట్యాంకుని సగం అని చచ్చినా అనదు. ట్యాంకులో ఇదే ఉంటే మీరు చూసిన ముల్లు సగం మీదికి ఎలా వచ్చింది?"

షావుకారు ఒడ్డు వైపు ఒక అడుగు వేశాడు.

"గేజి తప్పు చూపిస్తుందని మీకు తెలుసు. ఎటు తప్పో తెలీదు. ఒక్కసారైనా ఈ బోటెక్కి సముద్రంలోకి వెళ్లుంటే తెలిసేది. మెకానిక్ మీదికి తొయ్యాలని పాతది బిగించారు. కొత్తది ఏదీ?"

గోడౌన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ దాన్ని పైకెత్తి చూపించాడు. తుప్పు మేకుల డబ్బాలో దొరికింది. బోటు ట్యాంకులోంచి తోడేసిన డీజిలు అక్కడే డ్రమ్ముల్లో ఉంది.

ఆ తర్వాత షావుకారు ఎక్కువసేపు బిగబట్టలేకపోయాడు. బోటు అడుగు పుచ్చిపోయిందని, మనుషుల్ని ఎక్కించుకుని వేటకి వెళ్లనని డ్రైవరు మొండికేశాడు. మాటా మాటా పెరిగింది. షావుకారు తోస్తే డ్రైవరు వెనక్కి పడి, వల లాగే విన్చ్‌కి తల కొట్టుకున్నాడు. ప్రాణం పోయింది. ట్యాంకు ఖాళీ చేసి, సెండర్ మార్చి, శవంతో సహా బోటుని ఆటుపోటుకి వదిలేశాడు.

పై అధికారి మళ్లీ ఫోన్ చేశాడు. ఫైలు మూతపడిందని, అయితే దోషి పేరు వేరని చెప్పి ఇన్‌స్పెక్టర్ పెట్టేసింది.

డ్రైవరు భార్య షావుకారు ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా అన్న ఏమరుపాటుకి పోయాడని ఊరంతా చెప్పించావు. మా ఆయన ఎవరి ఏమరుపాటుకీ పోలేదు. నీ మొహం మీదే వెళ్లనని చెప్పి పోయాడు. నా పిల్లలకి అదే చెప్తాను. నువ్వు కోర్టులో అదే చెప్పు."

తర్వాత అన్న వైపు తిరిగింది. అతను అప్పటికే ఏడుస్తున్నాడు. తన కొంగుతో అతని మొహం తుడిచి, చెయ్యి పట్టుకుని, జెట్టీ మెట్ల మీదుగా దింపుకుని వెళ్లింది.