మెట్ల వైపు తిరిగిన చెప్పులు

ఆ హాస్టల్లో నాలుగో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు.

నడవాకి ఒక కొసన మెట్లు, రెండో కొసన గోడ. ఆ గోడ పక్క గదే అది. అందులో దిగిన వాళ్ళెవరూ చదువు గడువు పూర్తయ్యేదాకా ఉండలేదని చెప్పుకునేవారు. ఒకమ్మాయి రెండు వారాలకే స్నేహితురాలి గదిలోకి మకాం మార్చేసింది. ఇంకో అమ్మాయి నెల తిరక్కుండా విమానం ఎక్కింది. ఎందుకమ్మా అని అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట — "అక్కడ ఎవరో ఉన్నారు..."

సరిగ్గా ఆ గదే మన సీఐడీకి ఇచ్చారు.

సీఐడీ అంటే పోలీసు అనుకునేరు! ఇరవయ్యేళ్ళ ఆడపిల్ల. చిన్నప్పుడు డబ్బాలో ఒక్క బిస్కెట్ తగ్గినా దొంగను పట్టుకునేదాకా అన్నం ముట్టేది కాదని, పెంచిన పిన్ని పెట్టిన పేరది. కాలేజీ మొత్తంలో ఒక్కరికే దొరికే అవకాశం ఆమెకు దొరికింది — ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్‌గా ఆరు నెలలు పరాయి దేశంలో చదువు. దానికోసం రెండేళ్ళు రాత్రనక పగలనక చదివింది. మధ్యలో వదిలేసి వచ్చిందా, ఆ సంవత్సరం పోయినట్టే. మళ్ళీ పంపేది కూడా లేదు.

మొదటి మూడు రోజులూ హాస్టల్ బతుకు నేర్చుకోవడంతోనే సరిపోయింది. అందరిదీ ఒకే వంటగది. పాల సీసా మీద పేరు రాసి పెట్టకపోతే సాయంత్రానికి సగమవుతుంది. బట్టలుతికే యంత్రం దగ్గర వరసలో బుట్ట పెట్టి నిలబడాలి. నడవాలో మనిషి కదిలితేనే దీపాలు వెలుగుతాయి, కదలకపోతే టక్కున ఆరిపోతాయి. అన్నిటికీ అలవాటు పడింది. ఒక్క విషయంలో మాత్రం మారలేదు.

అక్కడంతా బూట్లతోనే గదిలోకి వెళ్ళి, బూట్లతోనే మంచమెక్కేలా ఉన్నారు. ఈ పిల్లకి అది ఎలా సహిస్తుంది? ఇంట్లో లాగే చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళేది. ఆ అంతస్తు మొత్తంలో గుమ్మం ముందు చెప్పులుండే గది అదొక్కటే.

నాలుగో రోజు పొద్దున తలుపు తీసింది. రాత్రి గుమ్మానికి ఎదురుగా విడిచిన చెప్పులు... వెనక్కి తిరిగి ఉన్నాయి. మెట్ల వైపు.

ఎవరి కాలైనా తగిలిందేమో అనుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రెండూ పక్కపక్కనే, ఎవరో పొందిగ్గా సర్దినట్టు.

ఇక సీఐడీ రంగంలోకి దిగింది.

మొదటి అనుమానం రెండో అంతస్తులో ఉండే సీనియర్ అక్క మీద. ఆ గది సంగతి చెప్పి హడలగొట్టింది ఆవిడే కదా!

"నాకేం పనిలేదా తల్లీ? నీ చెప్పులు తిప్పడానికి రోజూ రెండంతస్తులు ఎక్కుతానా?" అని కసిరింది అక్క.

రెండో అనుమానం ఎదురు గది అమ్మాయి మీద. ఎప్పుడూ చెవుల్లో పాటలు పెట్టుకుని, పలకరిస్తే ఒక నవ్వు పడేసి వెళ్ళిపోతుంది. అలా నవ్వేవాళ్ళని అసలు నమ్మకూడదని సీఐడీ అభిప్రాయం. సాక్ష్యం కోసం చెప్పుల చుట్టూ పౌడర్ చల్లింది. పొద్దున చూస్తే పౌడర్ చెక్కుచెదరలేదు. అడుగు జాడ ఒక్కటి లేదు. చెప్పులు మాత్రం తిరిగే ఉన్నాయి.

ఆ రాత్రి రెండు చెప్పుల్నీ దారంతో కలిపి మూడు ముళ్ళు వేసింది. పొద్దున — ముళ్ళు విప్పి, దారాన్ని చిన్న ఉండలా చుట్టి, ఎడమ చెప్పు మీద పెట్టి ఉంది.

సీఐడీ వెంటనే పిన్నికి ఫోన్ చేసింది.

"బయటికి తిప్పి పెడుతున్నారా?" పిన్ని గాభరాగా అడిగింది. "వెళ్ళిపొమ్మనే కదే దానర్థం... చదువూ వద్దు, గిదువూ వద్దు. బయల్దేరి వచ్చెయ్."

ఎవరికీ భయపడని పిల్ల ఆ రోజు ఏడ్చింది. వెళ్ళిపోతానని అర్జీ కూడా రాసింది. శుక్రవారం సాయంత్రంలోగా ఆఫీసులో ఇవ్వాలి. ఇచ్చే ముందు మాత్రం ఆ చేతులెవరివో కళ్ళారా చూడాలని పట్టు పట్టింది.

బుధవారం రాత్రి తలుపుకున్న కంతకి కన్ను ఆనించి కూర్చుంది. పన్నెండయింది... రెండయింది... నడవా చీకటి. గురువారం తెల్లవారుజాము నాలుగు కావస్తుండగా దీపం వెలిగింది!

అడుగుల చప్పుడు లేదు. ఒక ఆకారం వంగింది. రెండు చేతులు చెప్పుల్ని పట్టుకున్నాయి.

సీఐడీ తలుపు ధడాలున తీసింది. "ఎవరు?"

"అమ్మో!" అని గుండె పట్టుకుంది ఎదుటి మనిషి. నడవా తుడిచే పెద్దావిడ. కాళ్ళకు మెత్తటి బూట్లు, పక్కన బకెట్టు.

సీఐడీకి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఇద్దరికీ సొంతం కాని భాషలో అడిగింది. "నన్నెందుకు వెళ్ళిపొమ్మంటున్నారు?"

"వెళ్ళిపొమ్మనడమేంటమ్మా?" ఆవిడ గొంతు తగ్గించింది. "చాలా ఏళ్ళ కిందట ఒక రాత్రి ఈ అంతస్తంతా పొగ కమ్మేసింది. కరెంటు పోయింది. అందరూ దిగిపోయారు, ఈ గదిలో పిల్ల తప్ప. చెప్పుల కోసం తడుముకుంటూ ఉండిపోయిందట. చీకట్లో మెట్ల వైపు కాకుండా, ఇదిగో, ఈ గోడ వైపు వచ్చేసింది... దొరికినప్పుడు ఒట్టి కాళ్ళతో ఉంది." కళ్ళు తుడుచుకుంది. "అందుకే చెప్పులు మెట్ల వైపు తిప్పుతాను. కాళ్ళు దూర్చి తిన్నగా నడిస్తే చాలు."

సీఐడీకి సిగ్గేసింది. ఇంత మంచి మనిషినా అనుమానించింది! చేతులు పట్టుకుని, "మీకు రోజూ ఎంత శ్రమ!" అంది.

"రోజూ ఎక్కడమ్మా? నా వంతు సోమవారం, గురువారమే."

సీఐడీ వేళ్ళు లెక్కపెట్టాయి. పౌడర్ చల్లింది శుక్రవారం రాత్రి. దారం కట్టింది శనివారం రాత్రి.

"మరి... మిగతా రోజులు?"

ఆవిడ బకెట్టు అందుకుంది. వెనక్కి తిరక్కుండా మెల్లగా చెప్పింది. "తిరిగే ఉంటాయి. అవి చూసే కదమ్మా, నేను నేర్చుకున్నది..."

ఆ రాత్రి సీఐడీ తనే చెప్పుల్ని మెట్ల వైపు తిప్పి పెట్టింది. ఇక ఎవరూ తిప్పాల్సిన పని లేదు కదా అని ధైర్యం చెప్పుకుంది. దుప్పటి ముసుగేసినా కంటి మీద కునుకు రాలేదు.

ఏ వేళప్పుడో — టప్... టప్... టప్...

తన చెప్పులే. ఆ చప్పుడు తనకు తెలియదా? మెట్ల దాకా వెళ్ళింది. ఆగింది. మళ్ళీ వస్తోంది. సీఐడీ తలుపు కింది సందు వైపు చూసింది. నడవాలో దీపం వెలగలేదు.

టప్... టప్... గుమ్మం దగ్గర ఆగిపోయింది.

తెల్లవారాక, ఒంట్లో ఉన్న ధైర్యమంతా కూడదీసుకుని తలుపు తీసింది. చెప్పులు గుమ్మానికి ఎదురుగా ఉన్నాయి. బయటినుంచి ఇంటికొచ్చిన వాళ్ళు విడిచినట్టు. వంగి చెయ్యి పెట్టింది. లోపల ఇంకా వెచ్చగా ఉంది.

అర్జీ చేతిలో పట్టుకుని ఆ గుమ్మంలోనే చాలాసేపు కూర్చుంది. భయం వేసింది, కాదని చెప్పను. కానీ భయంకన్నా జాలి ఎక్కువైంది. చెప్పులు దొరక్క ప్రాణం పోగొట్టుకున్న పిల్ల... ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళకల్లా ఏదో ఒక రకంగా దారి చూపిస్తుంటే, అందరూ వెళ్ళిపొమ్మంటోందనుకుని పారిపోయారు.

సాయంత్రం సీఐడీ ఆఫీసుకు వెళ్ళలేదు. బజారుకు వెళ్ళి, తన కొలతకే ఇంకో జత చెప్పులు కొంది. తెచ్చి తన చెప్పుల పక్కన పెట్టింది. పిన్నికి మాత్రం, "ఎవరో పనావిడలే పిన్నీ, సర్దుతోంది" అని చెప్పి ఊరుకుంది.

ఆ చివరి గదిలో ఆరు నెలలూ పూర్తిగా ఉన్న మొదటి మనిషి ఆమే.

ఖాళీ చేసే రోజు వార్డెన్ గది చూసుకోవడానికి వచ్చింది. కిటికీ చూసింది, బీరువా చూసింది, తాళం తీసుకుంది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. సీఐడీ తన చెప్పులు అప్పటికే వేసేసుకుంది. ఆ ఆరు నెలల్లో ఒక్కసారి కూడా సీఐడీ కాలు పెట్టని రెండో జత మిగిలింది.

వార్డెన్ ఒక చెప్పు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"మడమ దగ్గర పూర్తిగా అరిగిపోయింది కదమ్మా... పారెయ్యనా?"

"వద్దండీ," అంది సీఐడీ. చెప్పు అందుకుని, రెండూ పక్కపక్కన పొందిగ్గా, మెట్ల వైపు తిప్పి పెట్టింది.