రాయి మీది ఇంటిపేరు

"సెనేటర్ బ్రాకెట్‌ని ఇవాళ లేపేస్తారట," అన్నాడు చీఫ్ హాలొరన్, కారు అద్దం ఎత్తుతూ. "చైనీయుల శ్మశానంలో. రేపు కొత్త వలస చట్టం మీద సంతకం. దాన్ని తెచ్చినవాడు మీవాళ్ళ మధ్యే చస్తే?"

"తెరవబోయే తలుపు మళ్ళీ మూసేస్తారు సార్."

ఏజెంట్ విల్బర్ లియోంగ్ మనసు చివుక్కుమంది. ఆ తలుపు కోసమే హాంకాంగ్‌లో వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది.

పెద్దల సమాధులు తుడిచే రోజు కావడంతో శాన్‌ఫ్రాన్సిస్కో బయట ఆ గుట్ట తిరునాళ్ళలా ఉంది. కాల్చిన పంది వాసన, టపాకాయల మోత. నల్లకళ్ళద్దాల లొరెయిన్ అతని పక్కనే నడిచింది. తోటి ఏజెంటు, కాబోయే భార్య. చైనాటౌన్‌లోనే పుట్టానని, చిన్నప్పుడు ఏటా ఇక్కడికి వచ్చేదాన్నని చెప్పేది. నైవేద్యాల బుట్ట ఆమే సర్దింది.

సెనేటర్ మాట్లాడే మైకు విల్బర్ తండ్రి సమాధి పక్కనే ఉంది. లొరెయిన్ బుట్ట దించి, రాయి చూసి నవ్వింది.

"ఇంగ్లీషులో లియోంగ్, మన అక్షరాల్లో టామ్. చెక్కినవాడు తాగున్నాడా ఏంటి?"

విల్బర్‌కి నవ్వు రాలేదు. చైనావాళ్ళని అడుగు పెట్టనివ్వని పాత చట్టం రోజుల్లో, ఇక్కడి పౌరుడి కొడుకునంటూ పేరు కొనుక్కుని ఓడ దిగినవాళ్ళు ఎందరో. బతికినంతకాలం కొన్న పేరు, పోయాక రాయి మీద కన్నవాళ్ళ పేరు. చైనాటౌన్‌లో పసిపిల్లలకీ తెలుసు. అందుకే ఎవరూ అడగరు.

చైనాటౌన్‌లో పుట్టానన్న లొరెయిన్ అడిగింది.

అతను బుట్ట మీది గుడ్డ లాగాడు. నారింజల కింద టిక్ టిక్. సెనేటర్ మైకు అందుకున్నాడు. విల్బర్ లైటర్‌లో దాచిన కత్తితో తీగ తెంపాడు. ముల్లు ఆగింది. మఫ్టీవాళ్ళు ఆమెను పట్టుకున్నారు.

"ఎక్కడ దొరికాను?" అంది లొరెయిన్.

"మా నాన్న దగ్గర." ఆమెను నిజంగానే ప్రేమించాడు.

కారులో చీఫ్ అన్నాడు. "బాంబు నీదేనంటోంది. ఆమెను ఎందుకు అనుమానించావో కోర్టులో చెప్పాలి."

చెబితే కొన్న పేరుతో వచ్చిన పౌరసత్వం పోతుంది. అమ్మ ఇక రాలేదు. చెప్పకపోతే చైనీయుడే బాంబు పెట్టాడంటారు. అప్పుడు ఎవరి అమ్మా రాదు.

"నా ఇంటిపేరు లియోంగ్ కాదు సార్. టామ్."

చీఫ్ అతనివైపు తిరిగాడు. "ఇన్నేళ్ళూ నీకు మారువేషాలు నేర్పామయ్యా."

"నేను వేసుకునే వచ్చాను సార్," అన్నాడు విల్బర్, కళ్ళు తుడుచుకుంటూ.