పీరు కింద ఆరు వేళ్లు

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. ఆ బీడీ ఆర్పు, ఆ రేడియో కట్టెయ్, ఏడ్చే పిల్లను చంకనేసుకో. గుసగుసలు బంద్. ఎల్లారెడ్డిలో పులి ఒక్క పూటలో మూరెడు పొడుగు పెరిగిన కథ ఇది. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు. పోరా? అయితే నోరు మూసుకుని వినండి.

ఎనభై ఆరో సంవత్సరం. కామారెడ్డి రైల్వే స్టేషన్. పొద్దుటి ప్యాసింజర్ అప్పుడే వెళ్లింది. సీక్రెట్ సర్వీస్ చీఫ్ బెల్లం వ్యాపారి వేషంలో టీ తాగుతున్నాడు. పక్కనే తెల్ల గడ్డం పెట్టుకుని ఏజెంట్ గౌస్. గ్లాసులో సగం టీ ఉండగానే చీఫ్ పెదాలు నీలమయ్యాయి.

“విషం…” అన్నాడాయన. “టైం లేదు గౌస్. విను. రామ్‌సింగ్ లోపలున్నాడు.”

“ఎక్కడ సర్?”

“గడి జైల్లో. దొంగ వేషంలో నేనే పంపాను. విదేశీ ముఠా వైర్‌లెస్ సెట్లు ఎక్కడెక్కడ దాచారో మొత్తం తెలుసుకున్నాడు. అతనెవరో వాళ్లకు తెలిసిపోయింది. జైల్లో వాళ్ల మనిషి ఉన్నాడు. పొద్దు గుంకేలోపు చంపేస్తాడు.”

“జైలర్‌కి చెబితే?”

“మన వైపు రామ్‌సింగ్ సంగతి తెలిసింది ఇద్దరికే. నీకూ, నాకూ.”

ఆయన తల వాలిపోయింది. ఇక తెలిసింది ఒక్కడికే.

గౌస్ ఢిల్లీకి ట్రంక్ కాల్ బుక్ చేశాడు. “రేపు దొరకొచ్చు” అంది ఆపరేటరమ్మ, జామకాయ నములుతూ. రామ్‌సింగ్‌కు రేపు లేదు. గౌస్ ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

గడి జైలంటే ఏమనుకున్నారు? పాత దొరల కోటనే జైలు చేశారు, ఎల్లారెడ్డి అవతల గుట్ట మీద ఉండేది. దాని గోడ ఎక్కాలంటే కాకి కూడా మధ్యలో ఆగి అలుపు తీర్చుకోవాలి. గోడ మీద కరెంటు తీగ. కింద కుక్కలు. మాంసం వేసి మచ్చిక చేసుకుందామంటే, అవి మాంసాన్ని కూడా అరెస్టు చేస్తాయి. జైలర్ రాజేశం తన పెళ్లాం తెచ్చిన టిఫిన్ డబ్బాలో వంకాయను చీల్చి చూసి గానీ ముద్ద ముట్టడు.

గౌస్ గుండెలో గుబులు మాత్రం జైలు గురించి కాదు. ఎల్లారెడ్డి అతని సొంతూరు. తల్లి నూరున్నీసా లెక్కలో అతను దుబాయ్‌లో ఉన్నాడు. ఏళ్ల తరబడి అతను హైదరాబాద్‌లో కొన్న కంబళ్లు, అత్తరు సీసాలు దుబాయ్ సామానని పంపుతున్నాడు. ఆమె వాటిని వాడకుండా పెట్టెలో దాస్తోంది. ఆమె ఒక్కసారి బజార్లో “గౌస్!” అని కేకేసిందంటే, ముఠాకు అతని మొహం దొరుకుతుంది. అటుపైన ఆమె ఇల్లూ దొరుకుతుంది.

బస్టాండులో నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్ పెట్టుకున్న ఒకావిడ బురఖా ముసుగు వెనక్కి వేసుకుని నిలబడింది.

“బెల్లం ఎట్లుంది?” అన్నాడు గౌస్.

“తడిసింది. చీమలు పట్టినయి.”

కోడ్ కుదిరింది. ఆమె సయీదా. డబుల్ ఏజెంట్. ముఠా దగ్గర ఒక జీతం, మన దగ్గర ఒక జీతం. రామ్‌సింగ్ సంగతి ముఠా నోటే విన్నది. ఆమె ఏ జీతానికి పనిచేస్తుందో చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

“రామ్‌సింగ్‌ను నా బురఖాల బయటికి తెద్దామా?” అంది.

“ఆరున్నర అడుగుల మనిషి. మోకాళ్ల దాకనే వస్తది. మీసాలు అటు సగం, ఇటు సగం బయటకొస్తయి.”

అప్పుడే బజార్లో డప్పులు మోగాయి. పీర్ల పండగ పదో రోజు. పులి మాస్కు తొడిగి, ఒంటినిండా చారల గుడ్డ చుట్టుకున్న ఒకడు గంతులేస్తున్నాడు. గౌస్ పులిని చూశాడు. గుట్ట మీది గేటును చూశాడు. మళ్లీ పులిని చూశాడు.

పీర్ల చావిడి చూసుకునే ఘనీ చాచా ముందు గౌస్ గడ్డం ఎత్తి మొహం చూపించాడు.

“నూరున్నీసా కొడుకువు గాదురా! దుబాయ్ల ఉంటివి గద!”

“ఉన్న చాచా. అమ్మీకి చెప్పకు. నాకు పీరు ఎత్తుకోనియ్యి. గడి జైలు దాకా.”

ముసలాయన మొహం ముడుచుకుంది. “పీరుతోని నాటకమాడుతరా బిడ్డా?”

గౌస్ చిన్నప్పుడు ఈ చావిడిలోనే ఊదు పొగలో నిద్రపోయినవాడు. “నాటకమే చాచా. లోపల ఒక మనిషి ప్రాణం పోతున్నది. ఇంకో తొవ్వ దొరకలే.”

ఘనీ చాచా కర్ర మీద నిలిచిన వెండి పంజాకు, పీరుకు, మొక్కాడు. “ప్రాణం కోసమైతే నడుస్తది. చెప్పులిడువు.”

ఇక్కడ తగిలింది దెబ్బ. వైర్‌లెస్ ఎడమ బూటు మడమలో, కత్తి కుడి బూటు కొనలో, పొగబాంబు లేసులో. ఢిల్లీ వాళ్లిచ్చిన గ్యాడ్జెట్లన్నీ చావిడి గడప దగ్గరే ఉండిపోయాయి. కళ్లకు, ముక్కుకు, గడ్డానికి అన్నింటికీ వేషం వేసుకున్న గౌస్, ఏళ్లుగా బూట్లలోనే బతికి ఒక సంగతి మరిచిపోయాడు. అతని ఎడమ కాలికి ఆరు వేళ్లు.

మొహం కనిపించకుండా ఎండుకొబ్బరి కుడుకల దండలు, పీరుకు కట్టే రంగురంగుల దట్టీ గుడ్డలు. రెండు చేతులా పీరు. పక్కన, బజారు పులి దగ్గర అరువు తెచ్చిన వేషంలో సయీదా, బురఖా మీదే చుట్టిన చారల గుడ్డ. వెనక డప్పులు, బిందెలతో ఆడవాళ్లు. ఊరేగింపు బజారు దాటి గుట్టకు తిరిగింది.

“గటు ఎందుకు పోతున్నడు?” అంది నూరున్నీసా పొరుగింటి శాంతవ్వ.

“పీరు ఇష్టం” అన్నాడు ఘనీ చాచా.

గేటు ముందు గౌస్ ఆగాడు. తుపాకులు లేచాయి. కానీ పదో రోజు పీరు ఏ గడప ముందు ఆగితే ఆ గడప తెరవాలి, ఎత్తుకున్నవాడి కాళ్లకు నీళ్లు పోయాలి. దొరకైనా అంతే, కూలికైనా అంతే. రాజేశానికి లేకలేక పుట్టిన కొడుకు ఈ పీరుకు మొక్కితేనే పుట్టాడు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“తియ్‌రా గేటు! మొగోళ్లను లెక్కపెట్టు. ఎందరు పోతే గందరే రావాలె.”

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లను ఎవరు లెక్కపెడతారు? వాళ్లు ముందుకొచ్చారు. మొదటి బిందె నూరున్నీసాది.

ఆమె వంగింది. నీళ్లు కుడి కాలి మీద పడ్డాయి. ఎడమ కాలి మీద పడ్డాయి. ఆగిపోయాయి.

దండల సందులోంచి గౌస్‌కు తల్లి చెయ్యి ఒక్కటే కనిపించింది. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే రామ్‌సింగ్ పోతాడు, తను పోతాడు, రేపు ఆమె పోతుంది. అతను పూనకం వచ్చినట్టు ఇంకా గట్టిగా ఊగాడు. ఆమె తల ఎత్తలేదు. బిందెలో మిగిలిన నీళ్లన్నీ ఆ ఎడమ కాలి మీదే మెల్లగా, పసిపిల్లాడికి పోసినట్టు పోసింది. తర్వాత లేచి ఆడవాళ్లలో కలిసిపోయింది. గుర్తుపట్టిందా? కోపమా? గౌస్‌కు అంతు చిక్కలేదు.

లోపలి వాకిట్లో ఖైదీలు పీరును ముట్టుకోవడానికి ఎగబడ్డారు. ఊదు పొగ కమ్మేసింది. ఆ పొగలో గౌస్ “బెల్లం ఎట్లుంది?” అని గొణిగాడు. ఆరున్నర అడుగుల రామ్‌సింగ్ దగ్గరకొచ్చి దండం పెట్టాడు.

“అన్నా, చీఫ్ ఏడి?”

“లేడు. నువ్వు పులివి కావాలె.”

స్తంభం చాటున సయీదా మాస్కు తీసి అతనికి తొడిగింది, చారల గుడ్డ చుట్టింది. సరిగ్గా అప్పుడే గౌస్ రెండు సంగతులు చూశాడు. ఒకటి, రామ్‌సింగ్ వెనక జైలు వంటవాడు, వాడి చేతిలో కూరలు తరిగే కత్తి. రెండు, సయీదా వేళ్ల మధ్య విషపు సూది. రెండూ ఒకేసారి లేచాయి. గౌస్ చేతుల్లో పీరుంది. కింద పెట్టలేడు, వదలలేడు. జన్మలో మొదటిసారి ఆ ఏజెంటు చూస్తూ నిలబడ్డాడు.

సూది దిగింది. వంటవాడు గిలగిలా తన్నుకుని పడ్డాడు.

“వీనికి గూడ పూనకమొచ్చింది! ఇసుర్రి, ఇసుర్రి!” అని ఖైదీలు వాడికి తువ్వాళ్లతో విసరడం మొదలుపెట్టారు.

“ఏ జీతానికి?” అన్నాడు గౌస్.

“గీ నెల మీది ముందుగాల వచ్చింది” అంది సయీదా. ముసుగు దించుకుని బిందె ఎత్తుకుంది.

గేటు దగ్గర లెక్క సరిపోయింది. కానీ సెంట్రీ గంగారాం కళ్లు నులుముకున్నాడు.

“సార్, గీ పులి లోపలికి వొయినప్పుడు నా భుజం దాక ఉండె. ఇప్పుడు నేనే దాని భుజం దాక ఉన్న.”

రాజేశం వచ్చాడు. పులిని కింద నుంచి పైదాకా చూశాడు. మాస్కు కింద మీసం కొన కదిలింది. ఆయన చెయ్యి మాస్కు మీద పడింది.

“దూలా!”

పీరు పూనినవాళ్లు వేసే ఆ కేక విని కుక్కలు కూడా మొరగడం మానేశాయి. నూరున్నీసా బిందెను నేలకేసి కొట్టి, జుట్టు విరబోసుకుని గేటు నడుమ పడింది. ఎన్నడూ గడప దాటి వినపడేలా మాట్లాడని మనిషి జైలర్ వైపు వేలు చూపించింది.

“నా బిడ్డలను ఆపుతవారా? నేనిచ్చిన కొడుకు నీకు వద్దా? తొవ్వ ఇడువు!”

రాజేశం చెయ్యి కాలినట్టు వెనక్కి వచ్చింది. ఆమె అడ్డంగా పడుకున్న గేటును మూసే మొనగాడు లేడు. ఆడవాళ్లు తోసుకొచ్చారు, డప్పులు రెచ్చిపోయాయి. పీరు ఉరికింది, వెనకే పులి ఉరికింది. పక్కనుంచి దాటుతుంటే గౌస్ చెవిలో తల్లి జాగ్రత్త చెబుతున్న సన్నటి మాట పడింది.

“పైలం బేటా.”

పులి ఉరికి ఉరికి కామారెడ్డి బస్సెక్కింది. కండక్టరు పులికి ఫుల్ టికెట్ కొట్టాడు. పొద్దు గుంకేసరికి ముఠా వైర్‌లెస్ సెట్లన్నీ మూగబోయాయి, ముఠా మాత్రం పోలీసు స్టేషన్‌లో గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది.

గౌస్ పీరును చావిడిలో దించి, గడ్డం పీకి, గోడకు జారగిలబడ్డాడు. నూరున్నీసా వచ్చి పక్కన కూర్చుంది. అతని ఎడమ కాలు ఒళ్లోకి తీసుకుని, రాళ్లు గుచ్చుకున్న చోట కొంగుతో తుడిచింది.

“అమ్మీ, నీకొచ్చిన పూనకం నిజమేనా?”

“నీ దుబాయ్ ఎంత నిజమో గంతే.”

అతను తల దించుకున్నాడు. ఆమె అతని కాలు మాత్రం వదల్లేదు.

గడపలో బూట్ల చప్పుడు. సెంట్రీ గంగారాం. “రామ్‌సింగ్ అనెటోడు పరారయిండు. గా పొడుగు పులి ఏది? అవ్వా, గీ మనిషి ఎవరు? పొద్దున ఊర్ల లేడు గద!”

తల్లి చెయ్యి బిగుసుకుంది. మూలన కూర్చుని పీరుకు పెట్టిన మలీదా, బెల్లం రొట్టెల ముద్ద, నములుతున్న శాంతవ్వ కసిరింది.

“గాయన నూరున్నీసా కొడుకు! తల్లి ఏడుస్తున్నదని పీరే దుబాయ్ దాక ఉరికి ఎత్తుకొచ్చిండు. పులి గూడ ఎనకనే వొయింది. తొవ్వల సముద్రంల పడి నానింది. నానినంక శెనగలే పెరుగుతయి, పులి పెరగదా?”