గుటకల చప్పుడు

పొద్దున్నే బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న నర్సమ్మకి గదిలోంచి టిక్, టిక్ అని వినపడగానే నవ్వొచ్చింది. మనవడు పాలు తాగుతున్నాడు. తాగేటప్పుడు వాడి నోట్లోంచి వచ్చే ఆ చప్పుడుకి మురిసిపోయి అల్లుడు వాడికి టిక్కుగాడని పేరు పెట్టాడు. అల్లుడు బస్సు డ్రైవరు. డ్యూటీకి పోయే హడావిడిలోనూ ఆ చప్పుడు కాసేపు విని మరీ వెళతాడు.

నర్సమ్మ ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేస్తూ జుట్టు నెరిసిన మనిషి. రిటైరైనా వీధిలో ఎవరికి పురుడొచ్చినా ఆమెకే కబురు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, ఈ ఇంట్లో ఆమె మాటకి తిరుగులేదు. ఎదురు చెప్పేవాళ్లు ఉంటే బాగుండేది. తీగ మీద ఆరేసిన వాటిలో పిల్లాడు తడిపిన గుడ్డలు రెండే ఉన్నాయి. అంత అనుభవమున్న మనిషికి అది తట్టనే లేదు.

"అమ్మా, ఒకసారి ఇలా రావా." కూతురి గొంతు నీరసంగా ఉంది.

వెళ్లి చూస్తే పిల్లాడు రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోయాడు. కూతురు పళ్లు బిగించి వాణ్ణి విడదీసింది. చనుమొన నలిగి ఒక పక్కకి చెక్కేసినట్టయింది. పగుళ్లలో నెత్తురు.

"మళ్లీ పైపైన పట్టించావు. నోరు బాగా తెరిచాక పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?"

"నువ్వు చెప్పినట్టే పెట్టానమ్మా. వాడే జారిపోతున్నాడు. రాత్రి కట్టిన గుడ్డ ఇంకా పొడిగానే ఉంది చూడు. ఏడవడం కూడా మానేశాడు."

"బుద్ధిమంతుడు కనక. టిక్కు టిక్కుమని గుటకలు వేస్తుంటే వినపడట్లా?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడికి అడిగే ఓపిక కూడా పోయిందమ్మా. నాలుక కింద పొర ఏదో అడ్డుగా ఉంది, డాక్టరుకి చూపిద్దామని మొదట్నుంచీ అంటూనే ఉన్నాను."

"పుట్టినరోజే చూశాను. నాలుక బయటికి బాగానే పెట్టాడు. ఆ పొర అందరికీ ఉంటుంది. పసివాడి నోట్లో కత్తెర పెట్టించడానికి అంత తొందరేమిటి? ఓర్పు లేక సాకులు వెతుకుతున్నావు."

కూతురు పిల్లాణ్ణి భుజానికెత్తుకుంది.

"వాడు నోరు తెరిస్తే చాలు, నాకు వణుకొస్తోంది. కన్నబిడ్డ ఆకలికి భయపడే తల్లినైపోయాను. ఇన్నాళ్లూ నీ మాట నమ్మే ఊరుకున్నాను. ఇంక నమ్మలేనమ్మా."

పిల్లాణ్ణి తువ్వాలులో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. నర్సమ్మ మొహం మాడిపోయింది. అయినా గొడుగు తీసుకుని వెనకే నడిచింది, డాక్టరు నోటితో తన మాటే చెప్పిద్దామని.

డాక్టరమ్మ ముందు పిల్లాణ్ణి తూకం వేసింది. వారాలు గడిచినా పుట్టినప్పటి కన్నా తగ్గాడు. నోట్లో వేలు పెట్టి చీకించింది. వాడు ఏడుస్తుంటే నాలుక అంచులే లేచాయి, మధ్యలో కిందికే లాక్కుని ఉండిపోయింది.

"పొర ఉన్న ప్రతి బిడ్డకీ కోయక్కర్లేదు. పాలు తాగడం చూసి తేల్చుకోవాలి. ఒకసారి పట్టించండి."

టిక్, టిక్.

"ఈ చప్పుడు ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఉంది. గుటకలే కదా," అంది నర్సమ్మ.

"కాదండీ. నాలుక పట్టు జారినప్పుడల్లా వచ్చే చప్పుడిది. గుటక మెత్తగా వినిపిస్తుంది. మీకు తెలియనిదేముంది?"

నిజమే, తెలుసు. వార్డులో పరాయి బిడ్డ దగ్గర విని ఉంటే ఇట్టే పట్టేసేది. సొంత మనవడు కాబట్టి ముద్దొచ్చింది. వాడి పట్టు జారినప్పుడల్లా తను బయట నిలబడి నవ్వుకుంది.

పొర కోయడం రెప్పపాటు పని. చుక్క నెత్తురు వచ్చి ఆగిపోయింది. వెంటనే పాలకి పెట్టమన్నారు. పిల్లాడు ఈసారి నోటినిండా పట్టుకున్నాడు. ఏ చప్పుడూ లేదు. బిగుసుకుపోయిన కూతురి భుజాలు కిందికి దిగాయి.

"నొప్పి లేదమ్మా," అంది ఆశ్చర్యంగా. "మింగుతున్నాడా?"

నర్సమ్మ వంగి చెవి దగ్గర పెట్టింది. వాడు లాగుతున్నాడు, మళ్లీ లాగుతున్నాడు. దవడ చక్కగా ఆడుతోంది. గుటక లేదు. తాగేవాడు సరిగ్గా తాగక పాలు ఎప్పుడో ఇంకిపోయాయి. మింగుతున్నాడనే మాట అలవాటుగా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు తల్లీ," అంది.

పిల్లాడు వదిలేసి, తల్లి మొహం చూసి ఏడుపు అందుకున్నాడు.

"పాలు మళ్లీ పడేలా పిండుతూ ప్రయత్నించవచ్చు. రావచ్చు, రాకపోవచ్చు. ముందు వాడి కడుపు నిండాలి," అంటూ డాక్టరమ్మ డబ్బాపాలు కలిపించింది.

జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి కూతురికి చేతులు ఆడలేదు. చిన్నప్పుడు బడికి పంపేటప్పటిలాగే నర్సమ్మే ఒక్కొక్కటీ పెట్టింది.

"నా వల్లేనే ఇదంతా. నాలుగు తిట్టు నన్ను."

"వాడి కడుపు ఒక్కసారైనా నేనే నింపుదామనుకున్నానమ్మా," అని కూతురు తల్లి భుజం మీద పడి ఏడ్చింది. చాలాసేపటికి తల ఎత్తి, "ఆ సీసా నువ్వే పట్టు," అంది.

నర్సమ్మ సీసా పట్టింది. మెత్తగా గుటక, తర్వాత ఇంకో గుటక. తల్లీకూతుళ్లిద్దరూ వింటూ కూర్చున్నారు.

సాయంత్రం అల్లుడు గుమ్మంలో బూట్లు విప్పుతూనే చెవి రిక్కించాడు.

"ఏంటత్తయ్యా, మా టిక్కుగాడి చప్పుడే లేదు? పడుకున్నాడా?"

నర్సమ్మ కడుగుతున్న సీసా పక్కన పెట్టి చెప్పబోయింది. కూతురు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను చెబుతాలే అమ్మా," అంది.