రెండు ఇంజన్లూ ఆగిన చోటు

పాడేరు సంతలో పసుపు అమ్ముతున్న మనిషి ముందు ఒక పళ్ళెం ఉంది. నిజానికి అది పళ్ళెం కాదు, తెల్లటి పలుచని రేకును అంచులు పైకి మడిచి తయారుచేసిన తట్ట. ఒక అంచు పొడవునా వరసగా రివెట్లున్నాయి. అడుగున నీలిరంగు చాలావరకు రాలిపోయి, లకుముకి పిట్ట ముక్కూ, ఒక కన్నూ మాత్రం మిగిలాయి. అరకిలో పసుపు కోసం వంగిన సువర్చల టీచరు ఆ కన్ను చూసి అక్కడే మట్టిలో చతికిలబడింది.

ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆ పిట్టను ఆమె ఎన్నోసార్లు చూసింది. తండ్రి కెప్టెన్ నీలాద్రిరాజు నడిపే డకోటా విమానం ముక్కు పక్కన ఆ బొమ్మ ఉండేది. 1953 ఆగస్టు ఆరో తేదీన ఆ విమానం విశాఖపట్నంలో పెట్రోలు పోయించుకుని కలకత్తాకు బయలుదేరింది. లోపల ఇద్దరు మనుషులు, కొంత సరుకు, ఒక జమీందారుగారి నగల పెట్టె. ఆ తర్వాత దాన్ని చూసినవారు లేరు.

నాలుగు రోజులు సముద్రం మీద గాలించారు. చెక్కముక్క కూడా దొరకలేదు. విచారణకు కూర్చున్న పెద్దలు ఫ్యాను కింద చల్లగా ఆలోచించి, విమానంలో లోపమేమీ లేదనీ, పైలట్ పెట్టెతో సహా దారి మళ్ళి ఉండవచ్చనీ రాశారు. 'ఉండవచ్చు' అన్నది కాగితం మీదే ఉండిపోయింది. ఊళ్ళోకి వచ్చేసరికి 'మళ్ళాడు' మిగిలింది. రంగూన్లో చూశామన్నవాళ్ళు కొందరు, అక్కడ ఇంకో కాపురం కూడా ఉందన్నవాళ్ళు కొందరు. విజయనగరంలో భార్య చంద్రమతమ్మ పందొమ్మిదేళ్ళుగా ఈ మాటలన్నీ వింటూ, ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం తలుపు వైపు చూస్తూ బతుకుతోంది. నాన్న దొంగా, కాదా? సువర్చలకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి.

పసుపు అమ్మే మనిషి పేరు పాంగి బొంజన్న. ఏభై ఏళ్ళవాడు. రేకు ఎక్కడిదంటే, "కొండ మీద దొరికింది, పంతులమ్మా" అని మూడు శుక్రవారాలు తప్పించుకు తిరిగాడు. నాలుగో శుక్రవారం సువర్చల అతని ముందు కూర్చుని, ఆ విమానం నడిపినాయన తన తండ్రి అని చెప్పింది. బొంజన్న చాలాసేపు పసుపు కొమ్ములు సర్దాడు.

"పోలీసులొచ్చి మమ్మల్నే పట్టుకుంటారని, ఎవులికీ సెప్పొద్దని మా అయ్య ఒట్టేయించుకున్నాడు. కూతురొచ్చి అడిగితే సెప్పొద్దని మాత్రం అన్లేదు" అన్నాడు చివరికి. "తీసుకెళ్తాను. కానీ అక్కడున్నది ఏదీ ముట్టుకోకూడదు. ఈ రేకు తెచ్చిన తప్పు సాలు. సచ్చిపోయినోళ్ళ సామాను సచ్చిపోయినోళ్ళ దగ్గిరే ఉండాల."

సువర్చల మాట ఇచ్చింది. ఆ సాయంత్రమే సన్యాసిరావుకు తంతి కొట్టింది.

సన్యాసిరావు ఆ రోజుల్లో విశాఖపట్నంలో విమానాల మెకానిక్కు. నీలాద్రిరాజుకు ప్రాణస్నేహితుడు. విమానం పోయిన దగ్గర్నుంచి చంద్రమతమ్మకు అన్నగారిలా నిలబడి, సువర్చల చదువు దగ్గర్నుంచి ఉద్యోగం దాకా తిరిగినవాడు. ఆమె అతన్ని మావయ్యా అని పిలుస్తుంది. అరవై రెండేళ్ళ మనిషి మర్నాడు మధ్యాహ్నానికే బస్సు దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంజన్లు ఉన్నాయేటమ్మా? ఇంజన్ల దగ్గిరికి ఎల్లగలమా?" అని అడిగాడు. నగల పెట్టె మాట ఎత్తలేదు. సువర్చలకు అది వింతగా అనిపించినా ఆత్రంలో పట్టించుకోలేదు.

జూన్ రెండో వారం. తొలి వానలు అప్పుడే పట్టుకున్నాయి. తెల్లవారుతూనే ముగ్గురూ బయలుదేరారు. ముందు బొంజన్న కత్తితో తుప్పలు నరుకుతూ, వెనక సువర్చల, ఆ వెనక చేతికర్రతో ముసలాయన. వెదురు పొదల్లోంచి దారి నిటారుగా ఎక్కింది. కాళ్ళకు జలగలు పట్టాయి. అడుగు వేస్తే ఆకుల కింద మట్టి జారిపోతోంది. ఒకచోట సన్యాసిరావు పట్టుతప్పి పదడుగులు దొర్లి ఒక చెట్టు మొదలుకు కొట్టుకుని ఆగాడు.

"ఇక్కడే ఆగిపో మావయ్యా! మేం చూసి వస్తాం!"

"వద్దు! నా కళ్ళతో నాను సూడాల!" అని మోకాళ్ళ మీద పాక్కుంటూ పైకి వచ్చాడు.

మిట్టమధ్యాహ్నానికి శిఖరం కింద ఒక లోయ అంచు చేరారు. అక్కడ చెట్ల మధ్య, తీగలు అల్లుకుపోయి, రెక్క విరిగి, పొట్ట చీలిపోయిన డకోటా పడి ఉంది. మంటలంటుకున్న గుర్తు ఎక్కడా లేదు. ముక్కు పక్కన, పిట్ట బొమ్మ ఉండాల్సిన చోట రేకు కోసుకుపోయారు. సువర్చల ఆ లోహం మీద చెంప ఆనించి ఏడ్చింది. బొంజన్న తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

సన్యాసిరావు మాత్రం ఏడవలేదు. తిన్నగా కుడి ఇంజను దగ్గరికి వెళ్ళి తీగలు పీకేశాడు. ప్రొపెల్లరుకు మూడు రెక్కలు. నేలవైపున్న ఒక్క రెక్క వెనక్కి మడుచుకుపోయింది. మిగతా రెండూ తిన్నగా ఉన్నాయి. ఇంజను తిరుగుతూ ఉండగా నేలను తాకితే మూడూ వంకర్లు పోతాయి. ఒక్కటే వంగిందంటే అది పడకముందే ఆగిపోయిందన్నమాట. ఇదంతా సువర్చలకు వివరించి, ఎడమ ఇంజను దగ్గరికి నడిచాడు. అక్కడ తీగలు తప్పించడానికి అతని చేతులు రాలేదు. బొంజన్న కత్తితో తప్పించాడు. అక్కడ కూడా ఒక్క రెక్కే వంగింది.

"రెండూ ఆగిపోయాయా?" అంది సువర్చల. "రెండూ ఒక్కసారే ఎలా ఆగుతాయి?"

ముసలాయన పైలట్ గదిలోకి దూరి, పెట్రోలు ట్యాంకు మార్చే, తుప్పు పట్టిన మీటను చూసి బయటికి వచ్చాడు. "ఎనక ట్యాంకులకి తిప్పినారు" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "కెప్టెన్‌గారేరి? నన్నాయన దగ్గిరికి తీసుకెళ్ళండి."

విమానం కిందుగా ఒక గుహ ఉంది. కొండ కడుపులోంచి వచ్చే వాగు, అక్కడివాళ్ళ మాటలో గెడ్డ, ఆ గుహలోంచే బయటికి పారుతుంది. మోకాలి లోతు నీళ్ళలో, కాగడా వెలుగులో, నూరడుగులు లోపలికి నడిచారు. నెత్తి మీద గబ్బిలాలు కకావికలుగా లేచాయి. లోపల ఒకవైపు మనిషి ఎత్తున పొడిగా ఉన్న రాతి అరుగు ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు రాళ్ళ కుప్పలు. ఒక కుప్ప తలవైపు ఇనప కట్లు వేసిన చిన్న పెట్టె. తాళం మీద లక్క ముద్ర చెక్కు చెదరలేదు.

"ఒకాయన పడ్డప్పుడే పోయినాడు. మీ నాన్నగారికి ఊపిరుండీది. వానకి తడుస్తన్నాడని మా అయ్య ఇక్కడికి మోసుకొచ్చినాడు" అన్నాడు బొంజన్న. "ఆ పెట్టె ఆయన పక్కన పడుంటే, ఆయనదే అనుకున్నాం."

సువర్చల అరుగెక్కి, రాళ్ళ మీద తల ఆనించి "నాన్నా" అని పిలిచింది. తర్వాత లేచి కళ్ళు తుడుచుకుని పెట్టె అందుకుంది.

"పంతులమ్మా! మాటిచ్చినావు!"

"ఇచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను బొంజన్నా, నన్ను తిట్టుకో. దీన్ని కలెక్టరుగారి బల్ల మీద పెడతాను. ముద్ర చూపిస్తాను. మా నాన్న దొంగ కాదని, దొంగ అన్న నోళ్ళతోనే అనిపిస్తాను."

అప్పుడు సన్యాసిరావు నీళ్ళలోనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఆయన్ని సంపింది నానమ్మా."

గుహలో ఆ మాట రెండుసార్లు వినబడింది.

"డ్రమ్ముల్లోంచి పెట్రోలు పోసినప్పుడు గరాటలో మెత్తటి తోలు ఏస్తాం. తోలు పెట్రోల్ని దిగనిస్తాది, నీళ్ళని ఆపేస్తాది. కానీ శానా నెమ్మది. ఆ రోజు తుపాను ముంచుకొస్తంది. 'ఇంకా ఎంతసేపు సన్యాసీ' అని కెప్టెన్‌గారు రెండుసార్లు అడిగినారు. ఆఖరి డ్రమ్ములు ఎనక ట్యాంకులకి పోసినప్పుడు తోలు తీసి పక్కనెట్టినాను. రెండ్రోజులు వాన్లో నానిన డ్రమ్ములవి. పోసినాక అడుగునించి గ్లాసులోకి పట్టి నీళ్ళున్నాయేమో సూడాల. అదీ సూళ్ళేదు. తుపాను తప్పించుకుందామని ఆయన కొండల మీదకి మళ్ళుంటారు. ఇక్కడికొచ్చి ఎనక ట్యాంకులు తిప్పీసరికి రెండింజన్లలోకీ నీళ్ళెళ్ళినాయి."

"విచారణలో?" అంది సువర్చల.

"ప్రతి చుక్కా వడగట్టినానని సంతకం ఎట్టినాను. ఒక్క ఇంజను తిరుగుతుండగా పడుంటే తప్పు నాది కాదు, అలాగుంటే బావుణ్ణని ఈ పందొమ్మిదేళ్ళూ దేవుడికి మొక్కుకున్నానమ్మా. అది సూద్దామనే వచ్చినాను."

సువర్చల నోరు తెరిచింది. ఏం అనబోయిందో ఆమెకే తెలియదు. గుహ లోపలినుంచి ఉరుములాంటి చప్పుడు మొదలైంది.

"గెడ్డ పొంగింది!" అని బొంజన్న కేక పెట్టాడు. "పైన వాన పడ్డాది! ఇక్కడే ఉంటే రోజుల తరబడి సిక్కడిపోతాం! పరిగెట్టండి! తీగ పట్టుకోండి!"

నడుముకు చుట్టుకున్న అడ్డతీగ తాడు విప్పి ఒక కొస విసిరి, రెండో కొసతో ముందుకు ఉరికాడు. కాగడా ఆరిపోయింది. దూరంగా గుహ నోరు మాత్రం బూడిదరంగు వెలుగుతో కనిపిస్తోంది. నీళ్ళు మోకాలి నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వచ్చాయి. సువర్చల అరుగు దిగి, కుడిచేత్తో తీగ పట్టుకుని, ఎడమ చంకలో పెట్టె ఇరికించుకుని, రాళ్ళ మీద తడబడుతూ నడిచింది. బొంజన్న బయటపడి తీగను ఒక చెట్టుకు చుట్టి లాగుతున్నాడు.

వెనక ఒక్క కేక వినిపించింది. సన్యాసిరావు చేతిలోంచి తీగ జారిపోయింది. నీళ్ళు అతన్ని తోసుకొచ్చి సువర్చల పక్కనున్న బండకు కొట్టాయి. చేతులు రెండూ బండను వాటేసుకుని ఉన్నాయి, తల మునిగి తేలుతోంది.

"పో తల్లీ! నన్నొగ్గీసి పో! పెట్టె ఒగ్గకు!"

ఒక చెయ్యి తీగ మీద ఉంది. రెండో చేతిలో తండ్రి పరువుంది. ఉన్నమాట చెప్పాలంటే, ఒక్క క్షణం ఆమె మనసు అతన్ని పోనీ అంది. నాన్నను చంపింది వీడే కదా, పోనీ అంది. మరుక్షణం పెట్టె వదిలేసి అతని జుట్టు పట్టుకుంది. పెట్టె రాళ్ళ మధ్య రెండుసార్లు మోగి, ఆ ఎర్రనీళ్ళలో లోయలోకి వెళ్ళిపోయింది. బొంజన్న ఊపిరి బిగబట్టి లాగాడు. ఇద్దరూ గట్టు మీద పడ్డారు.

వాన కురుస్తూనే ఉంది. నీళ్ళన్నీ కక్కుకున్నాక సన్యాసిరావు వెక్కుతూ అడిగాడు. "ఎందుకమ్మా... నాలాంటోడి కోసం..."

"నీ మీద ప్రేమతో కాదు" అంది సువర్చల. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "పెట్టె చూపిస్తే, దొంగిలించి అడవిలో దాచాడంటారు. పెట్టె నోరు విప్పదు. నువ్వు విప్పాలి. అందుకు లాగాను."

రెండోరోజు సాయంత్రం విజయనగరంలో, చంద్రమతమ్మ ముందు, సన్యాసిరావు కూర్చోకుండా నిలబడి మొత్తం చెప్పాడు. తోలు తీసినది, గ్లాసు పట్టనిది, సంతకం పెట్టినది. అంతా అయ్యాక ఆమె గోడకు చేరబడింది.

"అయితే ఆయన మమ్మల్ని వదిలేసి పోలేదన్నమాట" అంది.

తర్వాత కాగితం, కలం తెప్పించి అతని ముందు పెట్టింది. "ఇప్పుడు నోటితో చెప్పిందంతా రాయండి అన్నయ్యగారూ. పదిమందికీ తెలిసేలా రాయండి. రాశాక మా గుమ్మం తొక్కకండి."

అతను రాశాడు. రెండు కాగితాలు పాడయ్యాయి, మూడోది నిలిచింది. సంతకం పెట్టి, నేలకు వంగి దణ్ణం పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా చీకటి పడకముందే వెళ్ళిపోయాడు.

చంద్రమతమ్మ కూతురి వైపు తిరిగింది. "ఎన్నాళ్ళు బతికారే?"

తిరిగి వస్తూ దారిలో బొంజన్న చెప్పిన మాటలు సువర్చల గుండెలో ముళ్ళలా ఉన్నాయి. దాచాలనుకుంది, దాచలేకపోయింది. "మూడు రోజులమ్మా. నాలుగో రోజు పొద్దున్నే, అమావాస్యనాడు పోయారట. బొంజన్న వాళ్ళ నాన్న గంజి పోశాడట. మన భాష వాళ్ళకి తెలుసు."

"ఏమైనా అన్నారా?"

"ఆకాశంలో చప్పుడు వస్తోందా అని అడిగేవారట. కళ్ళు తెరిచినప్పుడల్లా అదే అడిగేవారట."

సముద్రం మీద వెతికిన నాలుగు రోజులూ అవే. చంద్రమతమ్మ కళ్ళు మూసుకుంది. "వాళ్ళేమన్నారు?"

"వస్తంది బాబూ, దగ్గిరికొచ్చేసింది అనేవారట."

"మంచివాళ్ళు" అంది. ఆ తర్వాత గుండె బాదుకుని, పందొమ్మిదేళ్ళుగా ఏడ్చే హక్కు లేక దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది. ఆ చప్పుడుకు ఇరుగుపొరుగు పరుగున వచ్చారు. గుమ్మంలో నిలబడి, ఎవరు పోయారమ్మా అని అడిగారు.

"మా నాన్న" అంది సువర్చల.